తాగమనని టీ

శనివారం ఉదయం, అందరూ గౌరవంగా 'బు' అని పిలిచే సుమిర్ని వేసుకున్న పథకం సులువైనది. మైనంతో గీసి రంగులో ముంచే బాతిక్ బట్టలు పన్నెండింటికి చీకటి పడేలోగా ఆఖరి గోధుమరంగు ఎక్కించాలి. ఆదివారమంతా వాకిట్లో పనసచెట్టు నీడన ఆరేయాలి. సోమవారం పొద్దున్నే జకార్తా ప్రదర్శనవాళ్ళ బండికి అందించాలి. ముప్పయ్యేళ్ళుగా ఆమె దించిన మైనపు గీతలు జావాలోని సోలో నగరంలో ఎవరెవరి దుకాణాల పేర్లతోనో అమ్ముడుపోయాయి. ఈ పన్నెండింటి అంచున మాత్రం మొదటిసారి ఆమె పేరే ఉంది. ఎండ తగిలినా, పొగ సోకినా ఆ రంగు పాడవుతుంది. అందుకని ఆమెకు కావలసిందల్లా ఖాళీ వాకిలి.

ఎనిమిది గంటలకు పక్కింటి తోగార్ వచ్చాడు. మూడు నెలల కిందట సుమత్రా దీవి నుంచి వచ్చిన బతక్ తెగ మనిషి. అతను గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"అక్కా! రేపు మా మనవడికి చర్చిలో పేరు పెడుతున్నాం. డెబ్బై మంది వస్తారు. మా ఇంట్లో వాళ్ళ చెప్పులు కూడా పట్టవు. మీ వాకిలి ఇస్తారా?"

సుమిర్ని తల వంచింది. "అలాగేనండి... చూద్దాం."

సోలోలో ఇంతకన్నా గట్టిగా ఎవరూ కాదనరు. అయినా కొత్తవాడు కదా అని ఆమె ఇంకో మెట్టు ఎక్కింది. టీ తెచ్చి ముందు పెట్టి, "తాగండి" అనలేదు. ఇంటావిడ తాగమనేదాకా అతిథి కప్పు ముట్టడు. ఎంతసేపటికీ అనలేదంటే సంగతి గ్రహించి, టీ చల్లారేలోగా లేచిపోవాలి. ఆ వీధిలో రెండు పెళ్ళి సంబంధాలూ ఒక స్థలం తగాదా అలాగే, ఒక్క మాట లేకుండా ముగిసిపోయాయి.

తోగార్ ఒక్క గుక్కలో తాగేశాడు. "భలే ఉందక్కా. ఇంకో కప్పు పోస్తారా?"

అతను వెళ్ళాక ఆడపడుచు యాత్మి రంగుతొట్టి దగ్గర్నుంచి వచ్చింది.

"వదినా, వద్దని చెప్పావా?"

"చెప్పాను."

"ఏమని?"

"చూద్దాం అన్నాను. టీ తాగమనలేదు."

"మరి తాగాడుగా?"

"రెండు కప్పులు."

వద్దనే మాట సుమిర్నికి తెలియక కాదు. అది గొంతుదాకా వచ్చేది. అక్కడ అమ్మ కూర్చుని ఉండేది. అమ్మ ఏనాడూ "గడప మీద కూర్చోకు" అనలేదు. "గడప మీద కూర్చున్న పిల్లకి వచ్చిన సంబంధాలు వెనక్కి పోతాయట తల్లీ" అనేది, నవ్వుతూ. అలా నవ్వుతూ కట్టిన కంచెల మధ్య యాభై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ కంచెలు తనకు కనిపిస్తున్నాయి కనుక అందరికీ కనిపిస్తాయనుకుంది.

పది గంటలకు యాత్మిని పంపింది, రేపు వాన వచ్చేలా ఉందని చెప్పి రమ్మని.

యాత్మి పరుగున తిరిగొచ్చింది. "'మా గురించి ఎంత ఆలోచిస్తారో' అని పొంగిపోయాడు వదినా. పెద్ద టెంటు మాట్లాడాడు."

ఇక వీధి పెద్ద, అందరూ గౌరవంగా 'పాక్' అనే గియార్తో దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆమె సగం చెప్పగానే ఆయనకు మొత్తం అర్థమైంది. "నాకు వదిలేయండి బు. నేను తేల్చేస్తాను" అని, మంచి చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు. గంట తరవాత వచ్చాడు.

"చెప్పారా?"

"విడమరిచి చెప్పాను. ఆ వాకిలి ఇరుకు, అక్కడ కుర్చీలు కూడా ఉండవు అన్నాను."

"దానికేమన్నాడు?"

గియార్తో పనసచెట్టు వైపు చూశాడు. "మన సంఘం కుర్చీలు నూట యాభై... సాయంత్రానికి పంపిస్తున్నాను."

ఆదివారం తెల్లవారకముందే సుమిర్ని బట్టలన్నీ వెదురు దండేల మీద ఆరేసింది. పది దాటగానే టెంటు వచ్చింది, డప్పులు వచ్చాయి, డెబ్బై మంది వచ్చారు. కొబ్బరిచిప్పల నిప్పుల మీదికి చేపలు ఎక్కాయి. తోగార్ పెదనాన్న తిన్నగా వచ్చి ఆమె గడప మీద కూర్చున్నాడు.

ఆమె అమ్మ విద్యనే ప్రయోగించింది. "పెద్దాయనా, గడప మీద కూర్చుంటే సంబంధాలు వెనక్కి పోతాయంటారు..."

"నాకు పెళ్ళయి యాభై ఏళ్ళమ్మా! వెనక్కి పోయే దారుంటే చెప్పు, ఇక్కడే పడుకుంటా!"

వాకిలంతా ఘొల్లున నవ్వింది. అప్పుడే సన్నటి పొగ తీగ ఒకటి గాలికి వంగి, మొదటి బట్ట అంచు వైపు, ఆమె పేరున్న అంచు వైపు కదిలింది. సుమిర్ని గొంతులో అమ్మ మెల్లగా లేచి పక్కకు జరిగింది.

"వద్దు!"

డప్పు ఆగిపోయింది.

"వద్దు. కుదరదు. నా వాకిలి నేనివ్వను. నిన్న కూడా ఇవ్వలేదు. తీసేయండి, ఇప్పుడే!"

గియార్తో కళ్ళు మూసుకున్నాడు. యాత్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తోగార్ చేతిలోని పట్టకారు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, పొగకు కాదు.

"అక్కా, ఈ వీధికొచ్చి మూడు నెలలైంది. ఒక్కళ్ళు తిట్టలేదు, ఒక్కళ్ళు కాదనలేదు. వీళ్ళు నన్ను మనిషిగా లెక్కేయట్లేదని మా ఆవిడతో రోజూ అంటున్నా. మావైపు అయినవాళ్ళకే ముఖాన వద్దని చెబుతారు." వెనక్కి తిరిగాడు. "ఏయ్, లేవండ్రా! మా అక్క వద్దంటోంది!"

డెబ్బై మంది లేచారు. టెంటు తన గుంజలతో సహా నడుచుకుంటూ వీధి చివరి బ్యాడ్మింటన్ కోర్టుకు వెళ్ళింది. కుర్చీలు తలల మీద ఊరేగాయి. ఇద్దరు ముసలమ్మలు తడి దుప్పటి పట్టుకుని, చివరి పొగ పోయేదాకా బట్టలకు అడ్డంగా నిలబడ్డారు. ముందు లేచినవాడు పెదనాన్నే. పావుగంటలో వాకిలి ఖాళీ.

ఒంటరిగా నిలబడి సుమిర్ని, రుచి చూడడానికన్నట్టు, మరోసారి మెల్లగా "వద్దు" అంది. ఆకాశం విరిగిపడలేదు. పనసాకు కూడా రాలలేదు. తరవాత ఆమె కోర్టుకు వెళ్ళి, పిలవకుండానే కూర్చుని, రెండు చేపలు తింది.

ఆ పన్నెండు బట్టల్లో మొదటిది జకార్తాలో ద్వారం ఎదురుగానే వేలాడింది, ఆమె పేరు బయటికి కనిపించేలా. ఇక్కడ వీధిలో మరో కీర్తి మొదలైంది. "బు, మా మరిదికి మీ నోటితో కాస్త కాదని చెప్పరూ?" అంటూ రోజుకొకరు రాసాగారు. ఆఖరికి గియార్తో తోగార్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇకనుంచి వీధి తరఫున వద్దని చెప్పే పని మీరే చూసుకోవాలి బు. సంఘమంతా ఒప్పుకుంది."

సుమిర్ని తల వంచింది. "అలాగేనండి... చూద్దాం." రెండు కప్పుల టీ తెచ్చి పెట్టి, ఊరుకుంది.

తోగార్ చేతులు మోకాళ్ళ మీదే ఉంచుకున్నాడు. గియార్తో వైపు వంగి, వీధి చివరికి వినిపించేలా గుసగుసలాడాడు: "లేవండి పాక్. ఆవిడ కుదరదంటోంది."

ఏడు తరాలుగా సోలోలోనే పుట్టి పెరిగిన వంశానికి చెందిన గియార్తో, అప్పటికే కప్పు ఖాళీ చేసి ఇంకొకటి అడిగాడు.