రాజుగారి ఎదుట తీసిన కొలత

ఒక పెద్ద అడవిలో అన్నీ పెద్దవే, ఒక్క గుహ తప్ప.

వానాకాలం వచ్చిందంటే వాగులు పొంగి అడవంతా మునిగిపోయేది. నీళ్ళు తగ్గేదాకా జంతువులన్నీ కొండ మీది ఆ గుహలోనే తలదాచుకోవాలి. ఆ రోజుల్లో ఎవరూ ఎవర్నీ తినకూడదని పాత కట్టుబాటు.

గుహ వాకిట కాపలా ఉడుము పట్టాభిది. వచ్చినవాళ్ళని ఆపి "నీకెంత చోటు?" అని అడగడం, బేరమాడడం, గోటితో హద్దు గీయడం అతని పని. గుహ చిట్టచివర రెండు బండల మధ్య వెచ్చటి సందు ఒకటుంది. అందరికీ చోట్లు పంచేశాక పట్టాభి అందులో దూరి పడుకోవాలి. ఉడుముకి చలి పడదు, తడిస్తే కాళ్ళు కొయ్యబారిపోతాయి. పాపం, అతను కోరుకున్నదల్లా ఆ సందు, అందులో కాస్త నిద్ర. కానీ బేరాలు తెమిలేసరికి వానాకాలం సగం గడిచిపోయేది.

"నీకెంత?" అంటే ఎలుక పిసరమ్మ "మా ఆయన, పిల్లలు, పిల్లల పిల్లలు..." అని మొదలుపెట్టేది. ఏనుగు భూధరమైతే "నీ ఇష్టం బాబూ, నేను సర్దుకుంటాగా" అంటూనే సగం గుహ ఆక్రమించేవాడు.

ఒక వేసవిలో పట్టాభికి ఉపాయం తట్టింది. నిండు సభలో సింహం ముందు తోక ముడిచి నిలబడ్డాడు.

"మహాప్రభూ, ఈ ఏడు నుంచి వాకిట్లో అడగడాలూ బేరాలూ వద్దు. ముందే ఒక కొలత ఖాయం చేసి పెడదాం. నోరెత్తనివాళ్ళకి ఆ కొలతే. చాలనివాళ్ళు తమరికి విన్నవించుకుంటారు."

తమరికి విన్నవించుకుంటారన్న మాట సింహానికి బాగా నచ్చింది.

"అందరికీ ఒకటే కొలతా?" అంది ముళ్ళపంది సూదమ్మ.

"ఒకటే. లేకపోతే సమానత్వం ఏం కాను?" అన్నాడు సలహాదారు నక్క. ఆయన ఎవరేమన్నా ముందు సమానత్వం అంటాడు, తర్వాత ఆలోచిస్తాడు.

"అయితే నా కొలత పెట్టండి. నాకు సరిపోయింది ఎవరికైనా సరిపోతుంది" అన్నాడు భూధరం.

"బాగుంది మావయ్యా! నీ కొలతలో నేను కూచుంటే మా ఆయన్ని కేకేసి పిలుచుకోవాలి. పైగా అరడజనుమందితో గుహ నిండిపోతుంది" అంది పిసరమ్మ. "నా కొలత పెట్టండి. పెద్దవాళ్ళకి అలాంటివి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఎన్ని కావాలంటే అన్ని ఇవ్వండి."

"అంటే తొండం ఒకచోట, తోక ఒకచోట పెట్టుకోవాలా? కాలు దురదపెడితే అది ఎక్కడుందో ఎవర్నడగను?"

సభ గొల్లుమంది. పట్టాభికి మాత్రం నవ్వు రాలేదు. ఆ కాలెక్కడుందో చెప్పాల్సింది తనే మరి.

"ఏ శరీరానికి ఆ కొలత పెడదాం ప్రభూ!" అని గబగబా అనేశాడు. "జాతికొక తీగ కోసి వాకిట్లో వేలాడదీస్తాను. వచ్చినవాడి జాతి చూడడం, తీగ పరచడం, అంతే."

అందరూ భేష్ అన్నారు. కొలతలు నిక్కచ్చిగా ఉండాలి కాబట్టి రాజుగారి సమక్షంలోనే తీయాలన్నాడు నక్క.

అక్కడే వచ్చింది తంటా. రాజుగారి ముందు ఎవరు మాత్రం ఒళ్ళు విరుచుకుని నిలబడతారు? భూధరం చెవులు ఒంటికి అంటించుకుని తొండం చుట్టేసుకున్నాడు. సూదమ్మ ముళ్ళన్నీ వీపుకి అణిచేసుకుంది. ఎలుగుబంటి ఊపిరే బిగబట్టింది. పిసరమ్మ అసలు కనిపించనే లేదు, గొంతు వినిపించిన చోట తీగ వేసి కోశారు.

పట్టాభికి అనుమానం రాకపోలేదు. సూదమ్మ ముళ్ళు నిక్కబొడిస్తే ఎంతవుతుందో అతనికి తెలియదా? కానీ కొలతలు చిన్నవైతే చోటు మిగులుతుంది, తన సందుకి ఢోకా ఉండదు. అనుమానాన్ని దిగమింగి తీగ కోశాడు.

ఆఖర్న సింహం వంతు. జూలు విదిల్చి, రొమ్ము విరిచి, తోక బారెడు చాచింది. "ఇంకాస్త తీగ తెప్పించు పట్టాభీ" అంది. మెప్పు కోసం పట్టాభి ఇంకా కాస్త కలిపాడు.

తొలి వానకి ఒక్క పూటలో అందరూ లోపలికి చేరిపోయారు. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క బేరం లేదు. పట్టాభి ఈల వేసుకుంటూ తన సందు దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. రాజుగారి తీగ బండ మలుపు దాటి, వచ్చి వచ్చి ఆ సందులోనే ముగిసింది. కోసింది తనే. రాజుగారి హద్దులో పడుకునే ధైర్యం ఎక్కడిది? బిక్కమొహం వేసుకుని వాకిలి పక్కన చేరాడు. జల్లుకి తోక అప్పుడే బిగుసుకుపోతోంది.

బండ చాటున సింహం నిద్రపోయింది. రాజు కంటపడని ప్రజలు హమ్మయ్య అని ఊపిరి వదిలారు. భూధరం చెవులు విప్పాడు. ఎలుగుబంటి ఒళ్ళు విరుచుకుంది. ఫెళ్ళున ఉరుము ఉరిమింది, సూదమ్మ ముళ్ళు లేచాయి. ఒక ముల్లు భూధరం తొడలో దిగింది. ఆయన గావుకేక పెట్టి పక్కకి జరిగితే ఆ తోపుడికి పిసరమ్మ పిల్లలు వాకిలి బయట వానలో పడ్డారు.

"పట్టాభీ, నా పిల్లలు కొట్టుకుపోతున్నారు నాయనా!" అని ఏడ్చింది పిసరమ్మ.

పట్టాభి సిగ్గుతో చచ్చిపోయాడు. బిగిసిన కాళ్ళతోనే పాకి ఒక్కొక్కర్నీ నోట కరిచి లోపలికి లాగాడు. కానీ లోపల పెట్టడానికి చోటేదీ?

సూదమ్మ రాజుగారికి విన్నవించుకోవడానికి వెళ్ళింది. ఆయన ఎదుట నిలబడగానే ముళ్ళు వాటంతటవే అణిగిపోయాయి.

"నీ తీగలో నువ్వు చక్కగా పడతావు కదమ్మా, ఫిర్యాదు దేనికి?" అంది సింహం ఆవలిస్తూ. ఆమె మలుపు తిరగ్గానే ముళ్ళు మళ్ళీ లేచాయి, మళ్ళీ గావుకేక.

నిద్ర చెడిన సింహం మండిపడుతూ గుహ నడిమికి వచ్చి గర్జించింది.

అంతే. అందరూ ముడుచుకుపోయారు. ఎవరి తీగలో వాళ్ళు అచ్చుగుద్దినట్టు సరిపోయారు. పిసరమ్మ పిల్లలకి పొడి చోటు దొరికింది.

"చూశారా! కొలతలో తప్పేం లేదు. రాజుగారు ఎదురుగా లేకపోవడమే తప్పు" అన్నాడు నక్క.

"అయితే దొరా, వానలు వెలిసేదాకా మీరిక్కడే ఉండాలి" అంది పిసరమ్మ పిల్లల్ని పొదువుకుంటూ. అందరూ అవునన్నారు. సింహం కాదంటే రాజరికానికే తలవంపు.

"మరి నాకు కునుకు పడితే?" అంది సింహం.

అందరూ పట్టాభి వైపు చూశారు. పట్టు బలమైనవాడూ, తీగలు కోసినవాడూ అతనే కదా.

ఆ వానాకాలమంతా సింహం గుహ నడుమ గుడ్లు మిటకరించి కూర్చుంది. పట్టాభి ఆయన చెవి పట్టుకుని, రెప్ప వాలినప్పుడల్లా నొక్కుతూ, ఆ కోరల పక్కనే కూర్చున్నాడు. అతని సందులో పిసరమ్మ మనవలు వెచ్చగా గుర్రుపెట్టారు.

కాబట్టి, కొలత తప్పని ఎవరైనా అంటే కొలత జోలికి వెళ్ళకండి, రాజుగారికి నిద్ర పట్టకుండా చూసుకోండి చాలు.