శూన్యానికి ఏర్పాట్లు

సోమవారం పొద్దున నరసరావుపేట బస్టాండులో ఆటో ఎక్కేసరికే వనజ ఆ రోజు పనులన్నీ మనసులో సర్దేసుకుంది. పదింటికల్లా నెలవారీ సమాచారం ఆఫీసుకు పంపాలి. పదకొండున్నరకు సెమినార్. ఊరి చివర యూనివర్సిటీ పీజీ సెంటర్లో తత్వశాస్త్ర విభాగానికి అధిపతీ ఆమే, అధ్యాపకురాలూ ఆమే. విద్యార్థులు పదకొండు మంది. ఈ ఏడు కూడా కదలిక లేకపోతే విభాగం ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ అప్పటికే రెండుసార్లు అన్నాడు. వనజకు బెంగేమీ లేదు. బౌద్ధుల శూన్యవాదం మీద మాట్లాడటానికి వినుకొండ నుంచి రిటైరైన కృష్ణయ్య మాస్టారు వస్తున్నారు. ఆయన మాట ఒకసారి విన్నవాళ్ళు మధ్యలో లేచిపోరని ఆమె ధీమా.

ఆఫీసు ఫారంలో గళ్ళు మరీ చిన్నవి. 'ఈ నెల కార్యక్రమం' అన్నచోట 'శూన్యం' అనీ, 'పాల్గొనేవారు' అన్నచోట 'అందరూ' అనీ, 'ప్రయోజనం' అన్నచోట 'ఎవరికి వారే తెలుసుకోవాలి' అనీ గుండ్రటి దస్తూరితో రాసి, అటెండర్ పీరాంబీ చేత పంపింది.

సూపరింటెండెంట్ పుల్లారావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఏ పనీ చేయలేదని ఇంత ధైర్యంగా రాసిచ్చినవాళ్ళను తన సర్వీసులో చూడలేదు. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. మర్నాటి పరీక్షలకు పక్క బ్లాకులో బెంచీలు చాలక ప్రిన్సిపాల్ తల పట్టుకుని ఉన్నాడు. ఆ విభాగం బెంచీలు తెప్పించమని వెంటనే సంతకం పెట్టేశాడు. పుల్లారావు వనజకు ఫోన్ చేశాడు.

"మేడం, శూన్యం అని రాశారు. నిజమేనా?"

"నిజమే పుల్లారావు గారూ. మూడు నెలల నుంచీ నేనూ పిల్లలూ దానిమీదే ఉన్నాం."

"సరే. మనుషుల్ని పంపిస్తున్నా. హాలు సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"చానా సంతోషమండీ. పదకొండున్నరలోపు అయిపోవాల."

ఫోన్ పెట్టేసి వనజ మురిసిపోయింది. "చూశావా పీరాంబీ, ఆఫీసోళ్ళు మనమీద ఇంత శ్రద్ధ ఎప్పుడన్నా పెట్టారా?"

"పెట్టలా మేడం. అదే నాకు భయంగా ఉంది."

అరగంటలో ఆఫీసు ప్యూను కొండలు, ఇంకో ముగ్గురు ట్రాక్టరుతో దిగారు. "హాలు ఖాళీ చెయ్యమన్నారమ్మా." కొత్త కుర్చీలు వేస్తారనుకుని వనజ కానీమంది. బీరువా గుమ్మంలో ఇరుక్కుంటే తనూ ఓ చెయ్యి వేసింది. బెంచీలు, బల్ల, మైకు, ఆఖరికి నల్లబల్ల కూడా ట్రాక్టరెక్కాయి.

"కొత్తయ్యి ఎప్పుడు తెస్తారు కొండలూ?"

"కొత్తయ్యేందమ్మా? మీ డిపార్ట్‌మెంటు ఎత్తేశారంటగా."

వనజ పుల్లారావుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈలోగా ట్రాక్టరు క్యాంపసంతా చుట్టింది. దాన్ని చూసిన పిల్లలు క్లాసులు వదిలేసి వచ్చారు. పావుగంటలో రెండు వందల మంది వరండాలో చేరి, విభాగాన్ని కాపాడాలంటూ నినాదాలు మొదలెట్టారు. తత్వశాస్త్రం ఏ గదిలో చెబుతారో వాళ్ళలో చాలామందికి అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ గోలలో కృష్ణయ్య మాస్టారు చేతిసంచితో వచ్చారు.

"హాల్లో ఏమీ మిగల్లేదు మాస్టారూ," అంది వనజ.

"మంచిదేగదమ్మా. చోటు బాగా ఉంది," అని ఆయన నేలమీద మఠం వేసుకు కూర్చున్నారు.

ఆయన్ని చూశాక వనజకు ధైర్యం తిరిగొచ్చింది. వరండాలోకి వెళ్ళి గట్టిగా చెప్పింది. "అరిచింది చాలు, లోపలికొచ్చి కూర్చోండి. మన విభాగం పోయేదైతే క్లాసు జరుగుతా ఉండగానే పోవాల."

బెంచీలతో నలభై మందికి ఇరుకయ్యే హాల్లో, నేలమీద రెండు వందల మందీ పట్టారు.

గొడవ సర్దుదామని వచ్చిన ప్రిన్సిపాల్, ఆయన వెనక పుల్లారావు గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల మాస్టారి గొంతు తప్ప చప్పుడు లేదు.

"వచ్చినోళ్ళు కూర్చోండయ్యా, వెనకాలోళ్ళకు కనపడటంలా," అన్నారు మాస్టారు. ప్రిన్సిపాల్ ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నాడు. "శూన్యమంటే ఏమీ లేదని కాదు," అని మాస్టారు అందుకున్నారు.

ప్రిన్సిపాల్ పుల్లారావు వైపు ఒరిగాడు. "ఏమయ్యా, ఫారంలో ఆమె రాసింది ఇదేనా?"

"నేను ఏమీ లేదనే అనుకున్నా సార్."

గంటన్నరసేపు ఒక్కరూ లేవలేదు. లేచాక ప్రిన్సిపాల్ విభాగం ఎక్కడికీ పోదని అందరి ముందూ చెప్పాడు. ముప్పై మంది వచ్చే ఏడు దరఖాస్తు ఎప్పుడిస్తారని వనజ చుట్టూ చేరారు.

మర్నాడు పొద్దున్నే, తమ బెంచీలు కూడా పట్టుకుపొమ్మని ఎకనామిక్స్ వాళ్ళు పుల్లారావుకు అర్జీ పెట్టుకున్నారు.