చెయ్యెత్తి ఆగిపోయిన అమ్మాయి

ఆన్‌లైన్ క్లాసులు మొదలైన నెలలోనే, నెట్ ఆగినప్పుడల్లా పిల్లలు కూడా ఆగిపోవడం మొదలైంది. అన్నం తింటున్నవాడు నోట్లో ముద్దతో, తల గోక్కుంటున్నవాడు నెత్తి మీద చేత్తో అలాగే నిలిచిపోయేవారు. సిగ్నల్ రాగానే ముద్ద మింగి మళ్లీ పాఠం వినేవారు. మొదటి రోజు పట్టణంలో ప్రతి ఇంట్లోనూ ఏడుపులు వినిపించాయి. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది.

పై అధికారులు వెంటనే సూచనలు పంపారు. ఆగిపోయిన విద్యార్థిని గోడకు ఆనించరాదు, ఎండలో ఉంచరాదు. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వరాదు. ఆగిన సమయాన్ని హాజరుగానే పరిగణిస్తారు, ఎందుకంటే అప్పుడు కెమెరా ఆన్‌లో ఉంటుంది, చూపు తెర మీదే ఉంటుంది, అల్లరి ఉండదు. ఆ రకంగా హాజరు ఎన్నడూ లేనంత పెరిగిందని మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

మేడల మీద సిగ్నల్ బాగా అందేది. ఇంట్లో పిల్ల ఆగిపోతే పెద్దవాళ్లు దుప్పట్లో చుట్టి పైకి మోసుకుపోయేవారు. ఒక గల్లీలో ఈ పనికి అందరూ సమ్మయ్యను పిలిచేవారు. అతను పత్తి మార్కెట్లో హమాలి. మార్కెట్ మూతబడి ఇంట్లోనే ఉంటున్నాడు. బస్తాలు మోసిన భుజం మీద పిల్లల్ని మోయడం అతనికి కొత్తగా ఉండేది. మెట్ల మలుపు దగ్గర ఆగి, "మెల్లగ బిడ్డా, అయిపోయింది, ఇంకో నాలుగు మెట్లు" అని ఆగిపోయినవాళ్లతో మాట్లాడుతూ ఎక్కేవాడు.

ఒక మంగళవారం సైన్సు క్లాసులో అతని కూతురు హారికే ఆగిపోయింది. ఏడో తరగతి పిల్ల. కుడిచెయ్యి పైకెత్తి, "సార్, నాకొక..." అని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. సమ్మయ్య మేడ మీదికి చేర్చాడు. సిగ్నల్ నిండుగా వచ్చింది. పక్క మేడ మీది పిల్లలంతా కదిలారు. హారిక కదలలేదు.

తల్లి స్వరూప సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"సార్, మా పిల్ల ఆగిపోయింది. పైకి తీస్కపోయినా కదులుతలేదు."

"కెమెరా ఆన్‌లో ఉందామ్మా?"

"ఉంది."

"అమ్మాయి స్క్రీన్ వైపే చూస్తోందా?"

"రెప్ప గూడ కొట్టకుంట చూస్తుంది."

"మరి ఫిర్యాదు ఏమిటి?"

"పిల్ల పలుకుతలేదు సార్!"

"మ్యూట్‌లో ఉండమనే కదమ్మా మేం చెప్పింది" అని, సేవ నచ్చితే అయిదు నొక్కమని చెప్పి అటువైపు మనిషి ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో హారిక చుట్టూ పనులు ఏర్పడ్డాయి. స్వరూప పొద్దున్నే తడిగుడ్డతో ఆమె మొహం తుడిచి, జడలు వేసి, ఫోన్ ఎదురుగా కూర్చోబెట్టేది. నానమ్మ మల్లవ్వకు ఆ ఎత్తిన చెయ్యి చూస్తే ప్రాణం ఉసూరుమనేది. "గంతసేపు చెయ్యి లేవట్టుకుంటె గుంజదా?" అని తన పాత చీర తెచ్చి ఇంటి కప్పు దూలానికి ఉయ్యాలలా కట్టి, మనుమరాలి చెయ్యి అందులో ఆనించింది. రోజూ అక్కడే కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, "ఏం అడుగుదామనుకున్నవే? నాకన్న చెప్పరాదు" అని అడిగేది.

పండుగ ముందర ఫలితాలు వచ్చాయి. హారిక రోల్ నంబరుకు శ్రద్ధలో పూర్తి మార్కులు, క్రమశిక్షణలో మొదటి స్థానం. కదలని, పలకని పిల్ల కంటే బడి దృష్టిలో మంచి విద్యార్థిని లేదని స్వరూపకు అర్థమైంది. ఆ రోజు ఆమె అన్నం వండలేదు. సైన్సు చెప్పే నరహరి సారు నంబరు పట్టుకుని ఫోన్ చేసింది.

"హారికనా?" సారు చాలాసేపు వెతుక్కున్నాడు. "హారిక ఎవరూ లేరమ్మా నా క్లాసులో. సమ్మయ్య అని ఒక అబ్బాయి మాత్రం బాగా వింటాడు."

"సమ్మయ్య పిల్లగాని పేరు గాదు సార్, మా ఇంటాయన. ఫోను ఆయనది."

తెర మీద అంతా చిన్న చిన్న డబ్బాలు, రెండో పేజీకి వెళ్లడానికి తనకెప్పుడూ టైం దొరకలేదని సారు మెల్లగా చెప్పాడు. మర్నాడు స్కూటర్ మీద వచ్చాడు. గడప అవతలే నిలబడి, మాస్కు మీంచి లోపలికి చూశాడు. చీర ఉయ్యాలలో ఆనిన చెయ్యి, తెరిచిన నోరు. చేతిలోని స్కూటర్ తాళం జేబులో వేసుకున్నాడు.

"పేరు పెట్టి పిలువున్రి సార్" అంది మల్లవ్వ. "పిలిస్తెనే గద పలికేది."

"హారికా" అన్నాడు సారు. "చెప్పమ్మా. ఏం అడగాలనుకున్నావ్?"

పిల్ల రెప్ప కొట్టింది. "సార్, నాకొక డౌటు. మీకు మేం కనవడుతున్నమా?"

సారు మాస్కు కిందికి దించాడు. "ఇప్పుడు కనబడుతున్నావమ్మా" అన్నాడు.

హారిక చెయ్యి దించి, భుజం రుద్దుకుని, తల్లి వైపు తిరిగింది. "అమ్మా, మస్తు ఆకలైతుంది." స్వరూప ఏడుస్తూనే పొయ్యి ముట్టించింది.

ఆ తర్వాత నరహరి సారు రోజుకొక గల్లీ తిరిగాడు. సిగ్నల్ వచ్చినా కదలని పిల్లలు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. పక్కన సమ్మయ్య ఉండి ఇల్లు చూపించేవాడు. సారు గడప దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు, పిల్లలు మధ్యలో ఆపిన మాట పూర్తి చేసేవారు. ఒకడు బాత్రూంకు వెళ్లొస్తానన్నాడు. ఒక పిల్ల తన తాత చనిపోయాడని చెప్పింది. ఆ మాట ఆమె నోట్లో చాలా రోజులుగా ఉంది. సారు గడప పక్కన అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు.

పైనుంచి అభ్యంతరం వచ్చింది. నెట్ లేకుండా కదిలే విద్యార్థులను హాజరు వేసే యాప్ గుర్తించదు కాబట్టి వాళ్లందరికీ గైర్హాజరు పడుతుందని హెచ్చరించారు. సారు మొహం చిన్నబుచ్చుకుని వచ్చి ఈ సంగతి చెప్పాడు.

"పడనియ్యి సార్" అంది స్వరూప. "పిల్ల ఇల్లంత తిరుగుతుంది, నాకది సాలు."

బడులు తెరిచిన రోజు హారిక తరగతిలో గోల బజారు దాకా వినిపించింది. తనిఖీకి వచ్చిన అధికారి చెవులు మూసుకుని ఆ గది దాటి, పక్క సెక్షన్‌లోకి వెళ్లి ముగ్ధుడయ్యాడు. అక్కడ పిల్లలు చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నారు. ఒక్కరూ కదలడం లేదు. అక్కడ నెట్ లేదు, ఫోన్ లేదు, ఆగిపోవడానికి ఏ కారణమూ లేదు. "బడి అంటే ఇలా ఉండాలి" అని హెడ్మాస్టరు భుజం తట్టి, ఆయన జీపెక్కాడు.

నరహరి సారు కిటికీలోంచి చాలాసేపు చూశాడు. తర్వాత తన పీరియడ్ కాకపోయినా లోపలికి వెళ్లి, మొదటి బెంచీ ముందు వంగి, "నీ పేరేంటి నాన్నా?" అని అడిగాడు. ఒక్కొక్కరే కదిలి పేరు చెబుతుండగా మూడో బెంచీ దాకా వచ్చేసరికి, ఇంకా పేరు అడగని వెనక బెంచీల్లో ఎవరో తుమ్మారు.