బోర్లా పెట్టిన ముక్క

పేకముక్కల ఆటలకు నియమాలు రాయడం ఆయన ఉద్యోగం. అందుకే వీధిలో అందరికీ ఆయన రూల్సాయన. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగుతూ భార్యతో ఒక ఆట ఆడి చూడడం, ప్రెస్సుకు ఫోన్ చేసి ఒక వివరణ చెప్పడం, ఆపైన హాయిగా పేపరు చదువుకోవడం. కొత్తగా వచ్చిన కోటల ఆటలో దాడి ఎప్పుడు జరిగినట్టో తేలక జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. నోటితో ప్రకటించినప్పుడా, బోర్లా పెట్టిన ముక్కను తిప్పినప్పుడా? ఒక ఇంట్లో అన్నదమ్ములు ఈ తగాదాతో మాటలే మానేశారట.

భార్య సిటీ బస్సు నడుపుతుంది. ఆటలో మాత్రం బ్రేకు వేయదు. మొదటి వంతులో ఆయన గడియారం ముక్క మీద, రెండో వంతులో దీపం ముక్క మీద దాడి చేసి గెలిచింది. దాడికి గురైనది ఇక పనిచేయదని నియమం. మూడో వంతులో కట్టలోంచి ఒక ముక్కను చూడకుండానే తీసి బల్ల నడిమధ్యన బోర్లా పెట్టి, "ఇంటి పెద్ద మీద దాడి!" అని ప్రకటించి, వాచీ చూసుకుని లేచింది.

"తిప్పి వెళ్ళు."

"డ్యూటీకి లేటవుతోందండీ. మధ్యాహ్నం తిండికొచ్చి తిప్పుతా. ఎవరూ ముట్టుకోకండి."

సోఫాలో కళ్ళజోడు పెట్టుకుని నియమాల పుస్తకం చదువుతున్న అత్తగారు అలాగేనని తలూపింది. అల్లుడు రాసిన ప్రతి అక్షరమూ ఆవిడకు శిలాశాసనం.

రూల్సాయన గేటు దాకా వెళ్ళి భార్యను సాగనంపాడు. అక్కడే నిలబడి ప్రెస్సుకు ఫోన్ చేశాడు. మిషన్ల చప్పుడులో ప్రెస్సాయనకు సరిగా వినపడదు గనుక ఇల్లు దద్దరిల్లేలా చెప్పాడు: "రాసుకోండి! ప్రకటించిన క్షణం నుంచే దాడి జరిగినట్టు. ముక్క తిప్పకపోయినా అంతే. ప్రకటించినవాళ్ళే వచ్చి తిప్పేదాకా అది వదలదు!"

లోపలికి వచ్చేసరికి గోడ గడియారం ఆగిపోయి ఉంది. వంటింట్లో స్విచ్చి నొక్కితే లైటు వెలగలేదు. మొదట గడియారం, తరువాత దీపం. మూడోది ఏమిటో గుర్తుకొచ్చి ఆయన మీసం తడుముకున్నాడు. ఆ ఇంట్లో మీసాలున్నది తనకొక్కడికే. 'వదలదు' అని తన నోటితో తానే చెప్పి పది నిమిషాలు కాలేదు.

"అత్తయ్యగారూ, ఇంట్లో ఏదో తేడాగా లేదూ?"

అత్తగారు నిద్రలో కూడా మాట్లాడే మనిషి. అలాంటిది సోఫాలో నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆయన వైపు, బల్ల వైపు, మళ్ళీ ఆయన వైపు. వంటింట్లో గిన్నె చప్పుడు లేదు, కుళాయి చప్పుడు లేదు.

ఆయన బల్ల వైపు చూశాడు. ముక్క నడిమధ్యన లేదు. ఆయన కుర్చీ వైపు జానెడు జరిగి ఉంది.

కిటికీలు మూసే ఉన్నాయి, ఫ్యాను తిరగడం లేదు. ఆయన ముక్క చుట్టూ పెన్సిలు గీత గీసి, పక్క గదిలోకి వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు. బస్సు నడిపేటప్పుడు ఆవిడ ఫోను తీయదు. తిరిగి వచ్చేసరికి గీత అలాగే ఉంది, ముక్క దాన్ని దాటి వచ్చింది.

వెంటనే ప్రెస్సుకు చేశాడు. "ఇంకో నియమం. ప్రకటించినవాళ్ళు బల్ల దగ్గర లేకపోతే దాడి చెల్లదు."

"అంటే దాహమేసి లేచినా ఓడినట్టేనా సార్?" అన్నాడు ప్రెస్సాయన. "అయినా ఇందాకటిది అచ్చు మొదలైపోయింది."

ముక్క మరో జానెడు జరిగింది.

"సరే, దాని కింద ఇంకో వాక్యం వేయండి! పెద్దరికం వదులుకున్నట్టు మూడుసార్లు గట్టిగా చెప్పినవాణ్ణి దాడి దాటిపోతుంది."

"మీ ఒంట్లో బాగానే ఉందా సార్?"

రూల్సాయన గోడకు ఆనుకుని, గొంతు చించుకుని, "నేను ఈ ఇంటి పెద్దను కాను!" అని మూడుసార్లు అరిచాడు. అత్తగారి కనుబొమ్మలు పైకి లేచాయి, అంతే. ముక్క బల్ల అంచుకు వచ్చి, సగం బయటికి జరిగి ఆగింది. అది కింద పడితే తన పని అయిపోయినట్టేనని ఆయనకు ఎందుకో గట్టిగా అనిపించింది. దాని మీంచి చూపు తిప్పకుండా ఒంటిగంట దాకా అలాగే నిలబడ్డాడు.

భార్య వస్తూనే ముక్కను తీసి తిప్పింది. "అయ్యో, నిద్రపోయే కావలివాడు. దాడి వీగిపోయింది." దాన్ని బల్ల మధ్యన పడేసింది. "అమ్మా, వంటేదీ?"

"హమ్మయ్య!" అంటూ సోఫాలోంచి అత్తగారు లేచింది. "నోరు తెరిచి ఎంతసేపయిందో! దాడికి గురైంది పనిచేయకూడదని అల్లుడుగారు పుస్తకంలో రాశారు కదా. అందుకే గడియారంలో సెల్లు తీసేశాను, బల్బు ఊడదీశాను. తర్వాత నువ్వు ఇంటి పెద్ద మీద దాడి అన్నావు. తిప్పకపోయినా జరిగినట్టేనని ఆయన గేటు దగ్గర అరుస్తుంటే విన్నాను. ఇంకేముంది, పని మానేసి కూర్చున్నాను."

రూల్సాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే మనసు చివుక్కుమంది కూడా. పొద్దుట్నుంచీ చచ్చేంత భయపడింది తనది కాని పదవి గురించి.

"ఇంటి పెద్దంటే... మీరా?"

"మీరు కాదని మీరే మూడుసార్లు చెప్పారుగా అల్లుడుగారూ."

ఆయన సిగ్గుపడి నవ్వేశాడు. "పోనీలెండి. ముక్కను జరిపి నన్ను బాగా హడలగొట్టారు."

అత్తగారు నవ్వలేదు. "నేనెలా జరుపుతానండీ? దాడిలో ఉన్నాను కదా. అది దానంతటదే జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మీకు కళ్ళతో ఎన్నిసార్లు సైగ చేశానో!"

ముగ్గురూ బల్ల వైపు తిరిగారు. మధ్యన పడేసిన ముక్క అక్కడ లేదు. రూల్సాయన కుర్చీ ముందు, బల్ల అంచున, మళ్ళీ బోర్లా పడి ఉంది.

ఆ నెల వెలువడిన నియమాల పుస్తకంలో చివరి నియమం ఇది: ఎవరూ ముట్టని ముక్క కదిలితే, ఆ వంతు దానిదే.