గెలిచిన జట్టుకు విందు

శనివారం పొద్దున నిర్మలాదేవి అనుకున్నది చాలా చిన్న కార్యక్రమం. ముగ్గురు నలుగురు పెద్దమనుషులు వస్తారు, వాళ్ళకు సాండ్‌విచ్‌లూ టీ ఇవ్వాలి, ప్రిన్సిపల్ నాలుగు మాటలు మాట్లాడతాడు, పత్రికవాళ్ళు ఫొటో తీసుకుంటారు. న్యూకాసిల్‌లోని ఆ కాలేజీ ఆఫీసులో ఆమె కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. 1953లో కౌంటీ కప్పు గెలిచిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు యాభయ్యేళ్ళ విందు చేయాలని ప్రిన్సిపల్‌కు తోచినప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

వరంగల్‌లో పెరిగిన నిర్మలకు ఫుట్‌బాల్ అంటే బంతిని కాలితో తన్నుతారన్నంతవరకే తెలుసు. జట్టులో డాడ్స్ అనే ఇంటిపేరాయన ఉండేవాడని ఎవరో చెబితే, ఊళ్ళో ఉన్న డాడ్స్‌లందరికీ వరసబెట్టి ఫోన్లు చేసింది. చివరికి ఒకాయన ఆ ఫైనల్లో గోల్‌కీపర్ తనేనన్నాడు. కాలేజీ విందుకు పిలుస్తోందనగానే, ఇన్నాళ్ళకు పిలిచారా అన్నాడు. తరవాత, బతికున్నవాళ్ళందరినీ తనే తీసుకొస్తానన్నాడు. పెద్దాయన ఎంత పొంగిపోయాడో అనుకుని నిర్మల కళ్ళు తుడుచుకుంది.

తీరా చూస్తే మినీబస్సులోంచి తొమ్మిదిమంది దిగారు. అందరి మెడల్లోనూ మెరూన్ టైలు. కాలేజీ రంగు నీలమన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టలేదు. తిండి చాలదని మాత్రం తట్టింది. ఇంటికి ఫోన్ చేసి, పొద్దున కలిపిన పులిహోర గిన్నెతో సహా పట్టుకురమ్మని భర్త అమరేందర్‌కు చెప్పింది.

అతను వచ్చేసరికి అతిథులు హాల్లో గోడమీది ఆనాటి జట్టు ఫొటో ముందు గుంపుగా నిలబడి గొణుగుతున్నారు. అతను వాళ్ళతో కాసేపు మాట కలిపి, భార్యను వంటగదిలోకి లాక్కొచ్చాడు.

"నిర్మలా, వీళ్ళు గెలిచినోళ్ళు గాదు."

"మరి?"

"ఓడిపోయినోళ్ళు. మీ కాలేజోళ్ళు ఆనాడు బంతిని చేత్తోటి లోపలికి నూకిండ్రట. ఇన్నేండ్లకు తప్పు ఒప్పుకోనీకి పిలిచిండ్రని వచ్చిండ్రు."

"మరి డాడ్స్?"

"మీ డాడ్స్ ఎప్పుడో పోయిండు. ఈయన అవతలి జట్టు డాడ్స్."

నిర్మల ప్రిన్సిపల్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన పత్రికవాళ్ళతో మాట్లాడుతూ, ఏదైనా ఉంటే ఉపన్యాసం అయ్యాక చెప్పమన్నాడు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట. ఏంచేయాలో పాలుపోక, నోట్లో ముద్ద ఉంటే మాట రాదుగదాని అతిథులకు పులిహోర కొసరి కొసరి వడ్డించింది. అందులో పచ్చిమిరపకాయలు ఆమె వరంగల్ లెక్కన వేసింది. తొమ్మిదిమందికీ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

ఆ కన్నీళ్ళు చూసి ప్రిన్సిపల్ కరిగిపోయాడు. రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, అల్మారాలోంచి తీయించిన ఆనాటి కప్పును చేతుల్లోకి తీసుకున్నాడు. నిర్మల తలుపు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఈ కప్పు మీది. మొదటినుంచీ మీదే. మీ రుణం కాలేజీ ఎన్నటికీ తీర్చుకోలేదు" అని ఆయన దాన్ని డాడ్స్ చేతుల్లో పెట్టాడు.

డాడ్స్ కప్పును గుండెలకు హత్తుకుని, ఈ మాట వినడానికి మా కెప్టెన్ లేకపోయాడే అన్నాడు. ఈసారి కన్నీళ్ళకు మిరపకాయల పూచీ లేదు. అందరూ ప్రిన్సిపల్‌తో కరచాలనాలు చేసి, మినీబస్సెక్కి, కప్పుతో సహా వెళ్ళిపోయారు. ఫొటో కోసం ఇచ్చిన కప్పు అలా వెళ్ళిపోవడం ఏమిటో అడగడానికి ఆయన నోరు తెరిచేలోపు బస్సు మలుపు తిరిగింది. అప్పుడు నిర్మల ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

సోమవారం ఆయన పిలిపిస్తే, బల్లమీది తన సామాన్లు సంచిలో సర్దుకునే వెళ్ళింది. అతిథులు చెప్పిన కథంతా వేసి, అర్ధశతాబ్దపు అన్యాయాన్ని సరిదిద్దిన మహానుభావుడని ఆయన్ను పత్రిక మొదటిపేజీలో ఆకాశానికెత్తేసింది. పొద్దుటినుంచీ అభినందనల ఫోన్లు ఆగలేదు.

"ఈ ఆలోచన నాదేనా అని అందరూ అడుగుతున్నారు" అన్నాడాయన.

"మీరేమన్నారు సార్?"

"కాదనలేదు."

నిర్మల ఉద్యోగం ఆ వేళే పర్మనెంటయింది. 1958 నాటి హాకీ జట్టును వెతికే పనీ ఆమెకే అప్పజెప్పి, ప్రిన్సిపల్ కప్పుల అల్మారాకు తాళం వేయించాడు.