మ్యాపు మడతలో మహాసంగ్రామం

భానుడు నడినెత్తిని దాటి పడమటి మేడలపైకి ఒరుగుచుండగా, ఆదివారపు భోజనానంతర నిద్రామాంద్యము సకల వీథులను ఆవరించియుండగా, పై వాటాలో సరిగా బిగియని కుళాయి ఒక్కటి తప్ప తక్కిన జగమంతయు మౌనము దాల్చియుండగా, ఒకానొక కట్టడపు రెండవ అంతస్తున, బట్టలు కత్తిరించు బల్లపై ఘోరసమరమునకు రంగము సిద్ధమయ్యెను. వినువారలారా, చెవులొగ్గుడు. రాజ్యము కొరకో రత్నముల కొరకో సాగిన పోరు కాదిది. సెలవులకు ఎక్కడికి పోవలెనన్నదే ఇందలి వివాదము.

ఆ బల్లకు అధీశ్వరి అత్తగారు. నాటకసమాజములకు దుస్తులు కుట్టుటయే ఆమె వృత్తి. ఎందరో చక్రవర్తుల అంగీలకు ఊడిన గుండీలు కుట్టి, ఎందరో మహారాణుల నడుములు ఏటేటా పెరుగుచుండ రవికలు వదులు చేసి, పైకి ఒక్కనాడును ఆ మాట పొక్కనీయని ధీరురాలు, ఆ సూచీధారిణి. ఆమెకు ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు అల్లుళ్లు. పెద్దల్లుడు కళ్లద్దాల దుకాణము నడుపు ఉపనేత్రవీరుడు. చిన్నల్లుడు ఈతకొలనులో పిల్లలకును పెద్దలకును ఈత నేర్పు జలతరణాచార్యుడు. మన కథకు నాయకుడు పెద్దవాడే. ఆతని గుండెలో కొంతకాలముగా ఒక ముల్లు దిగియుండెను.

ఆ ముల్లు ఎట్టిదనిన, చిన్నల్లుడు తన కళ్లద్దములను వేరొక దుకాణమున కొనెను. అంతియే. సొంత తోడల్లుడు వీథి చివర నిలువెత్తు దుకాణము తెరచుకొని కూర్చుండగా, ఆ మానవుడు రెండు వీథులవతలకు పోయి కొనెను. అటు చిన్నవానికిని ఒక ముల్లు కలదు. ఇంటిల్లిపాదియు ఆతని వద్ద ఈత నేర్చిరి, పెద్దల్లుడు తప్ప. ఎన్నిసార్లు పిలిచినను ఆతడు దుకాణములో పనియున్నదని తప్పించుకొనెను. అది మొదలు ఆ ఇరువురును భోజనపు బల్ల యొద్ద భార్యల ద్వారా మాత్రమే సంభాషించుచుండిరి. "ఆ ఉప్పు ఇటు ఇమ్మని మీ ఆయనకు చెప్పమ్మా" అని ఒకరు, "అక్కడే ఉంది, చూసుకోమని చెప్పు వదినా" అని ఇంకొకరు.

ఆనాడు అత్తగారు సహనము నశించినదై, బల్లపై ఒక పాత మ్యాపును పరచి, దాని నాలుగు మూలల కత్తెరను, ఇస్త్రీపెట్టెను, రెండు దారపుకండెలను నిలిపి, అల్లుళ్లకు చెరియొక గుండుసూది నొసగి ఇట్లు ఆజ్ఞాపించెను.

"మీ మూగనోము చూసి చూసి నాకు విసుగొచ్చింది. అందరం కలిసి సెలవులకు పోదాం. ఎక్కడికో మీరిద్దరే తేల్చండి. ఈ సేనాపతి అంగీకి అంచు కుట్టడం అయ్యేలోపు ఒక్క ఊళ్లో సూది గుచ్చాలి. లేదంటే నేనూ కిందింటి టీచరమ్మా కలిసి పోతాం. మీరు ఎవరిళ్లల్లో వాళ్లు కూర్చోండి."

ఆ ఉదయమే భార్య చొక్కా అందించుచు చెప్పిన మాట పెద్దల్లుని చెవులలో మ్రోగుచుండెను: "ఈసారి కూడా చెడగొడితే అమ్మ ఇంక మనందర్నీ కలిపి పిలవదండీ. పండక్కో పబ్బానికో విడివిడిగా వచ్చి పోవడమే." ఆ భార్యయు, ఆమె చెల్లెలును ఇపుడు వంటింటి గడప కావల గిన్నెలు తుడుచుచున్నట్లు నటించుచు చెవులప్పగించియుండిరి.

నలుదెసల జరీకోటులును, అట్ట కిరీటములును, వెండిరంగు డాళ్లును వ్రేలాడుచున్న ఆ గదిలో ఎవడు నిలుచున్నను వానికి నాటకపు పూనకము వచ్చుట సహజము. పెద్దల్లుడు సూదిని ఖడ్గమువలె పైకెత్తి గంభీరస్వరమున పలికెను.

"తమ్ముడూ, ఆలకింపుము. ఉత్తుంగ తరంగ ఘోషలతో దిక్కులు పిక్కటిల్ల, అపార పారావారము మనలను పిలుచుచున్నది. అట్టి సాగరతీరమును కాలదన్ని, చెట్లచాటున దోమలకు రక్తదానము చేయువాడు వివేకియా?"

చిన్నల్లుడు ఛాతీ విరుచుకొని ఒక్క అడుగు ముందుకు వేసెను. "అన్నయ్యా, మీరే ఆలకింపుడు. వ్యాఘ్ర భల్లూక హరిణ సంచార రమణీయమైన మహారణ్యమును విడిచి, చెప్పుల నిండ ఇసుకయు, సంచుల నిండ ఆరని తువ్వాళ్లును మోయుచు తిరుగుటయా సెలవు?"

"అంత గట్టిగా అరవకండి. సూదిలో దారం ఎక్కడం లేదు" అనెను అత్తగారు. "మామూలుగా మాట్లాడండి. అయినా నాకేం కావాలో అడగరేం? నాకు పాత దివాణమో మ్యూజియమో ఉండాలి. బతుకంతా ఉత్తుత్తి రాణులకు కుట్టాను. ఒక్కసారైనా నిజం రాణి కట్టిన బట్టకి కుట్టు ఎలా వేశారో చూడాలి."

ఇట్లు ద్వంద్వయుద్ధము త్రిముఖయుద్ధమాయెను. పెద్దల్లుడు తూర్పు తీరమున సూది గ్రుచ్చెను. చిన్నల్లుడు దానిని పెరికి అడవి నడిమధ్యమున తన సూదిని నాటెను. పెద్దవాడు దానిని పెరికెను. కండెలు దొర్లెను, కత్తెర జారెను, ఉత్తరదేశము సగము ముడుచుకొని దక్షిణదేశముపై పడెను. అంగీ అంచు మాత్రము అత్తగారి వ్రేళ్ల నడుమ నిర్దయగా కురుచయగుచుండెను.

ఆ తొట్రుపాటులో చిన్నల్లుని నోట, అనరానిమాట జారెను.

"సముద్రం సముద్రం అంటారు. మీకు ఈతే రాదు కదా అన్నయ్యా."

వంటింటిలో గిన్నెల చప్పుడు ఆగిపోయెను. పెద్దల్లుడు ఎత్తిన చేయి దించి, కుర్చీలో కూర్చుండి, నాటకపు గొంతు విడిచి మెల్లగా చెప్పెను.

"రాదు. నీళ్లలోకి దిగుతానని నేనెప్పుడన్నాను? పొద్దున దుకాణం తెరిచిన దగ్గర్నుంచీ నా ముఖానికి జానెడు దూరంలో ఇంకో ముఖం ఉంటుంది. ఈ అక్షరం కనిపిస్తోందా, ఆ అక్షరం కనిపిస్తోందా అని. ఒక్క వారం, చూపు పోయినంత దూరం ఏదీ అడ్డం రాని చోట నిలబడాలని ఉంది. ఒడ్డున నిలబడితే చాలు నాకు."

చిన్నల్లుడు సూదిని అటునిటు త్రిప్పి బల్లపై పెట్టెను. పిమ్మట అతడును తన సొంత గొంతుతోనే పలికెను.

"నాకు పులీ వద్దు, ఎలుగుబంటీ వద్దు. రోజంతా ఈల ఊదుతూ, ఆ గోడల ప్రతిధ్వనిలో 'కాళ్లు ఆడించు, కాళ్లు ఆడించు' అని అరుస్తూ ఉంటాను. నిద్రలో కూడా అదే అంటానని మీ మరదలు నవ్వుతుంది. అడవిలో మాట్లాడకూడదని బోర్డు పెడతారట. ఆ బోర్డు ఒక్కటి చాలు."

అనుచు అతడు మ్యాపుపైకి వంగెను. వంగి, మరింత వంగి, ముక్కు కాగితమునకు తగులునంత వంగి, ఒక కన్ను మూసి, రెండవ కన్ను చిట్లించెను. ఎంతటి శత్రువైనను, కన్ను చిట్లించు మానవుని చూచి ఊరకుండుట ఉపనేత్రవీరునికి సాధ్యమా?

"నీ కళ్లద్దాలేవి?"

"విరిగిపోయాయి. కొలను పక్కన బెంచీ మీద పెట్టి, నేనే కూర్చున్నాను వాటి మీద."

"ఎన్నాళ్లయింది? కొత్తవి చేయించుకోవద్దూ?"

"మీ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని రాను? అప్పుడు ఇంకోచోట కొన్నాక."

"అసలు అప్పుడు ఇంకోచోట ఎందుకు కొన్నావు?" ఎన్నాళ్ల ముల్లో అది, ఆ ప్రశ్నతో బయటపడెను.

చిన్నల్లుని చెవులు ఎఱ్ఱబడెను. "మీ ఎదురుగా అద్దంలో చూసుకుంటూ, ఇది బాగుందా, అది బాగుందా అని ఇరవై ఫ్రేములు మార్చాలంటే సిగ్గేసింది అన్నయ్యా. తెలియనివాళ్ల ముందైతే పర్లేదు."

పెద్దల్లుని బుగ్గలు ఉబ్బెను, భుజములు కదలెను, తుదకు నవ్వు బ్రద్దలయ్యెను. "ఓరి నీ సిగ్గు బంగారం కాను. నేను కొలనుకి ఎందుకు రాలేదనుకున్నావు? ఆ బెత్తెడు నిక్కరు వేసుకుని, ఈ పొట్టతో నీ ముందు నిలబడలేకే."

వంటింటిలో ఎవరో గ్లాసు జారవిడిచిరి. అత్తగారు తలయెత్తకయే, "ఇక మూరెడే ఉంది అంచు" అని హెచ్చరించెను.

అంతట పెద్దల్లుడు తన కళ్లద్దములు తీసి, పంచెకొంగు లేనందున చొక్కా అంచుతో తుడిచి, తోడల్లుని ముక్కుపై స్వయముగా నిలిపెను. "పవరు సరిపోదు గానీ, ఏమీ లేనిదానికంటే నయం. చదువు." కళ్లద్దములు ఇచ్చివేసిన వానికి ఇపుడు మ్యాపు మబ్బుముద్దవలె తోచెను. కనుక ఆతడు చేతితో నీలపు రంగును తడుముచు దారి చూపుటయు, చిన్నవాడు అక్షరములు చదువుటయు మొదలిడెను. ఒకని చేయియు ఒకని చూపును కలసి తీరము వెంబడి క్రిందికి జారుచు, మ్యాపు నడుమ నలిగి పిప్పియైన ఒక మడత కడకు చేరెను. చిన్నవాడు గోటితో ఆ మడతను విప్పెను.

"ఇక్కడేదో ఊరుంది. నది సముద్రంలో కలిసే చోటు. చుట్టూ ఆకుపచ్చ రంగు. మడ అడవులు అని రాసుంది. పక్కన కొంగ బొమ్మ."

"సముద్రానికి ఎంత దూరం?"

"మీ వేలు సముద్రం మీదే ఉంది."

అత్తగారు పళ్లతో దారము కొరికి లేచివచ్చెను. "ఏదీ, ఆ ఊరా? అక్కడ పాత దివాణం ఉంది. రాణిగారి బట్టలన్నీ అద్దాల పెట్టెల్లో పెట్టారని మా సమాజం వాళ్లు చెప్పేవాళ్లు. చూశారా, ఇన్నాళ్లూ మడతలో పడి నాకూ కనిపించలేదు."

రెండు సూదులు ఒక్కసారిగా ఆ మడతలో దిగెను. కూతుళ్లిద్దరును తుడిచిన గిన్నెలనే మరల తుడుచుట మాని గదిలోనికి వచ్చిరి. పెద్దల్లుడు ఆవేశము చల్లారకమునుపే, చిన్నవాడు నంబరు వెదకి చదువగా, ఆ ఊరి అతిథిగృహమునకు ఫోను చేసి, స్పీకరు పెట్టెను. అవతలి గొంతు మర్యాదగా అడిగెను.

"గదులు ఉన్నాయండి. సముద్రం వైపు కావాలా, అడవి వైపు కావాలా?"

"అడవి వైపు" అనెను పెద్దల్లుడు.

"సముద్రం వైపు" అనెను చిన్నల్లుడు, అదే క్షణమున.

ఇరువురును ఒకరినొకరు చూచుకొనిరి.

"అదేంటి తమ్ముడూ, నీకు నిశ్శబ్దం కావాలి కదా."

"నా నిశ్శబ్దానికేం. మీరు దూరం చూడాలన్నారు."

"నేను నడిచి వెళ్లి చూసుకుంటాను."

"నేనూ నడిచే వెళ్లి వింటాను. పెద్దవారు, మీ మాటే ముందు."

"చిన్నవాడివి, నీదే ముందు. నేను ఒప్పుకోను."

"నేనూ ఒప్పుకోను."

మరల కండ్లు మెరసెను, మరల పిడికిళ్లు బిగిసెను, బల్ల మరల కంపించెను. పూర్వపు పోరులో ఎవడును వెనుకకు తగ్గలేదు. ఈ పోరులో ఎవడును ముందుకు రాడు. ఇది మునుపటికంటె ఘోరమాయెను. కూతుళ్లు ఒకరి భుజముపై ఒకరు తలవాల్చి నవ్వుచుండిరి. "సార్, లైన్లో ఉన్నారా?" అని అవతలి గొంతు ప్రాధేయపడెను.

అపుడు అత్తగారు చేయి చాచి ఫోను లాగుకొనెను. "బాబూ, నాకు మెట్లెక్కే పని లేని గది ఒకటి రాసేయండి. ఎటువైపైనా సరే. వీళ్లది తేలాక మళ్లీ చేస్తారు."

"అలాగేనమ్మా. కింది గది ఒకటి రాశాను."

వినువారలారా, ఇట్లు అరణ్య సాగర దివాణ సంగ్రామమున, ఇద్దరు మహావీరులు ఒకరి కొరకు ఒకరు పోరాడి అలసి సొలసియుండగా, కావలసిన మూడు గదులలో ఒక గది, అదియు నేలకు తగిలియున్న గది, నిర్వివాదముగా, నిష్కంటకముగా, ఆచంద్రార్కముగా ఒక వారము పాటు జయింపబడెను.