బావ చిక్కాడట!

బరువు తగ్గడం బావకి మంచినీళ్ళు తాగినంత సులువు. ఈ మాట చెప్పింది బావే. అప్పుడాయన చేతిలో ఉన్నది మూడో కేకుముక్క.

బావ అగ్నిమాపక కేంద్రంలో నిచ్చెనెక్కే మనిషి. ఎనభై అయిదు కిలోలు దాటితే నిచ్చెన ముట్టనివ్వరు, సామాన్ల గదిలో కూర్చుని నీళ్ళ గొట్టాలు చుట్టమంటారు. ఆ రోజు పదింటికి తూకం.

"కాటా ఎందుకే? నా ప్యాంటే నా కాటా!" అని బావ అక్కయ్య ముందు తన ప్యాంటు నడుంలో నాలుగు వేళ్ళూ దూర్చి చూపించాడు. నెల క్రితం ఆ గుండీ పెట్టాలంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. "దీన్నే మనోబలం అంటారు."

బావని కన్న అత్తయ్య గుండెలు బాదుకుంది. "మనోబలమా, నీ మొహమా! మన వంశంలో ఊరికే చిక్కినవాళ్ళు లేర్రా. మీ తాత చిక్కాడు, వారంలో పోయాడు. మీ పెదనాన్న చిక్కాడు, గోడమీద ఫొటో అయ్యాడు!"

అక్కయ్య నమ్మకం వేరు. మంచం పక్కన బిస్కట్ల డబ్బా ఉంటే మునైనా లావెక్కుతాడంటుంది. అందుకే ఆమె ఇంకా హడలిపోయింది. "డబ్బా రోజూ ఖాళీ అవుతూనే ఉందత్తయ్యా! తిన్నదంతా ఎటు పోతోంది మరి?"

"లోపల ఏదో తినేస్తోందే తల్లీ!"

బావ గడప దాటాడో లేదో, అత్తయ్య కేంద్రానికి ఫోన్ చేసేసింది. ఆయన వెళ్ళేసరికి సిబ్బంది వరసగా నిలబడి ఉన్నారు. వంటాయన ముక్కు చీదుతున్నాడు. ఇంజను డ్రైవరు బావ చెయ్యి పట్టుకుని, "నీతో పోట్లాడినవన్నీ మర్చిపో అన్నా" అన్నాడు. అత్తయ్యా అక్కయ్యా ఏడుస్తూ వెనకే వచ్చారు.

పెద్దాఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ముందు తూకం చూద్దామయ్యా, ఎంత మిగిలావో."

బావ కాటా ఎక్కాడు. తొంభై నాలుగు.

వంటాయన ముక్కు చీదడం ఆపేశాడు.

"కాటా చెడిపోయింది సార్!" అన్నాడు బావ.

ఆఫీసరు ఎక్కి చూశాడు. "నా డెబ్బై రెండూ నాకు సరిగ్గానే చూపిస్తోంది. మూడు నెలలు గడువిస్తున్నా. అప్పటిదాకా గొట్టాలు చుట్టు."

బావ సామాన్ల గది వైపు దీనంగా చూశాడు. అత్తయ్య మాత్రం ఎగిరి గంతేసింది. "తొంభై నాలుగే! నా తండ్రి బతికాడు!"

అక్కయ్య ఏడుపు ఆపి, బావని వెనక్కి తిప్పి, నడుంపట్టీ తిరగేసింది. పాత కుట్టు విప్పి ఉంది. పక్కనే తెల్లదారంతో కొత్త కుట్టు. మా ఇంట్లో కుట్టుమిషను తొక్కేది ఒక్కరే. ఆమె మెల్లగా, తమ వెంటే వచ్చి తలుపు చాటు నుంచి తొంగిచూస్తూ మీకీ కథ చెబుతున్న మనిషి వైపు తిరిగింది.

బావ చిక్కలేదు. చిక్కింది నేను.

"ప్రతి ఆదివారం అర అంగుళం వదిలానక్కా," అని ఒప్పేసుకున్నాను. "మరదలన్నాక ఆ మాత్రం వేళాకోళం ఉండదా అనుకున్నా. ఉద్యోగం మీదకొస్తుందనుకోలేదు. తప్పయిపోయింది బావా."

నన్ను తిడతాడనుకున్నాను. బావ చుట్టూ చూసి, నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"ఇంకెంత వదలచ్చు?"

ఈసారీ ఆయనకి నిజమే చెప్పాను: గుడ్డ అయిపోయింది.